నీలం నాడా ఫైళ్ళు

మొన్న ఆధార్ కార్డు జిరాక్స్ తీయించుకోవడానికి అమీర్‌పేటలో ఒక దుకాణం ముందు నిలబడ్డాను. నా ముందున్న వాళ్ళంతా కంప్యూటరు కోర్సులకు వచ్చిన పిల్లలు. భుజానికి ఒక సంచి, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, మొహంలో రేపటి పరీక్ష. వాళ్ళ మధ్య ఒక పెద్దాయన మాత్రం పాతకాలపు అట్ట ఫైలు తెచ్చాడు, గుడ్డ నాడాతో ముడివేసింది. దాన్ని కౌంటరు మీద పెట్టి ముడి విప్పాడో లేదో, డాంబరు గోలీల వాసన, దాని వెనకే ఎండిన వేపాకు వాసన, నెమ్మెక్కి ఆరిన కాగితం వాసన గుప్పున వచ్చాయి. అంతే, నా చేతులు చల్లబడిపోయాయి. మిట్టమధ్యాహ్నం. పక్కన మిర్చి బజ్జీల బండి మీది నూనె సెగ తగులుతూనే ఉంది. ఆయన ఫైలులో ఉన్నవి ఏ ఇంటి పన్ను కాగితాలో అయి ఉంటాయి. అయినా ఆయన ఒక్కో కాగితం తిప్పుతుంటే నేను తల పక్కకు తిప్పుకున్నాను, ఎక్కడ చేతుల బొమ్మ బయటపడుతుందోనని. జిరాక్స్ తీసే ఆయన, "గట్ల నిలబడ్డవేంది అమ్మా, కార్డు ఇయ్యరాదు" అనేదాకా నేను ఈ లోకంలో లేను.

నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వరకే వచ్చు, రాయడం రాదు. ఇది నేను చెబుతుంటే ఒకరు రాసిపెడుతున్నారు. నా గొంతు కాగితం మీద వినపడదు కాబట్టి చదివేవాళ్ళు బతికిపోయారు. మా ఆయన తోపుడు బండి మీద కూరగాయలు అమ్మేవాడు. అమ్మడమైతే వచ్చు గానీ అరవడమంటే ఆయనకు సిగ్గు. అందుకని బండి ఆయనది, అరుపు నాది. అమీర్‌పేట గల్లీలన్నీ టమాట, వంకాయ, గోంగూర అని అరిచి అరిచి నా గొంతు గీసిన గరుకు కాగితంలా తయారైంది. కొన్నాళ్ళకు రోడ్డు పక్కన బండి ఆపనివ్వకపోవడంతో ఆయన ఒక గోదాములో పనికి కుదిరాడు, నేను ఇళ్ళ పనికి వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడు మా అవ్వ ఒకరోజు పూలు కడుతూ, తల ఎత్తకుండానే, "పంజాగుట్టల ఒక టీచరమ్మ ఉన్నదట. పనిమనిషి కావాల్నట. పోయి అడుగు" అన్నది. అవ్వ అంటే మా అమ్మే. మాలో అమ్మను అవ్వ అనే పిలుస్తాం. ఆమెకు ఎవరు చెప్పారని నేను అడగలేదు. పూలమ్మే మనిషికి నలుగురూ తెలుస్తారు కదా అనుకున్నాను.

టీచరమ్మ ఇల్లు పంజాగుట్ట చౌరస్తా దాటాక ఒక గల్లీలో ఉండేది. ముందు ఒక నందివర్ధనం చెట్టు, పైన సగం డాబా. ఆమెది కోస్తా వైపు ఊరు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు, పిల్లీ కుక్కా లేవు. ఉన్నదల్లా ఫైళ్ళు. లోపలి గదిలో నాలుగు గోడలకూ బీరువాలు, బీరువాల నిండా అట్ట ఫైళ్ళు. నేను మొదట కోర్టు కేసులేమో అనుకుని, ఈమె ఎంత మంది మీద కేసులు వేసిందో, రేపు నా మీద కూడా వేస్తుందేమో అని భయపడ్డాను. కాదు, అవన్నీ నాట్యం చేసినవాళ్ళ ఫైళ్ళు. వెనకటి తరం వాళ్ళు, అంతకు ముందు తరం వాళ్ళు, మేళాల్లో ఆడినవాళ్ళు, స్టేజీల మీద ఆడినవాళ్ళు, వేషాలు కట్టినవాళ్ళు. ఎవరు ఎక్కడ పుట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పదానికి ఏ చెయ్యి పట్టారు, అన్నీ రాసి, ఫోటోలు అంటించి, ఒక్కో మనిషికి ఒక్కో ఫైలు కట్టింది. బతికున్న వాళ్ళ ఫైలుకు తెల్ల నాడా. మనిషి పోయారని తెలిస్తే తెల్ల నాడా విప్పి ఎర్ర నాడా కట్టేది. ఆ పని తనే చేసుకునేది, నన్ను ముట్టనిచ్చేది కాదు. ఆ పూట అన్నం కూడా సరిగా తినేది కాదు.

నీలం నాడా సంగతి నాకు తర్వాత తెలిసింది. కొంతమంది ఆడవాళ్ళు తమకు తెలిసినదంతా చెప్పేవారట, చేసి చూపించేవారట కూడా. కానీ ఫోటో అనేసరికి మొహం వద్దనేవారట. కొడుకులున్నారు, కోడళ్ళున్నారు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు అని. అలాంటి వాళ్ళకు టీచరమ్మ ఒక దారి కనిపెట్టింది. మోచేతి దాకా చేతులు మాత్రమే ఫోటో తీసేది. పేరు కూడా రాసేది కాదు. వెనకాల నల్ల గుడ్డ, దాని ముందు రెండు చేతులు, అంతే. అలాంటి ఫైళ్ళకు నీలం నాడా కట్టేది. "మొహం లేకపోతే మనిషి జోలికి ఎవరూ రారమ్మా" అని నాకు చెప్పింది ఒకసారి. ఎంత తెలివైన పని అనుకున్నాను. అయినా ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళి ఊడవాలంటే నాకు దడే. బీరువా తలుపు కిర్రుమంటే, లోపల ఇంతమంది ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్నట్టు ఉండేది. మొహాలున్న వాళ్ళ కంటే మొహాల్లేని వాళ్ళంటేనే ఎక్కువ భయం. వాళ్ళు నన్ను చూస్తున్నారో లేదో తెలియదు కదా.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే నా భయం మీకు అర్థం కాదు. మాది అమీర్‌పేట వెనక బస్తీలో రేకుల ఇల్లు. మా ఆయన, నేను, పిల్లలు, మా అవ్వ. అవ్వకు మగపిల్లలు లేరు, అందుకని నా దగ్గరే ఉండేది. అల్లుడి ఇంట్లో ఉండే అత్త గట్టిగా దగ్గాలన్నా ఆలోచించాలి. పక్కింట్లో నా ఆడబిడ్డ, మా ఆయన చెల్లెలు. మా ఆయన నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు ఆమె దగ్గర అరువు తెచ్చుకున్నవే. ఆమె నల్లా దగ్గర బిందె పెట్టిందంటే, నీళ్ళు నిండేలోపు బస్తీలో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో అందరికీ తెలిసిపోయేది. చెడ్డ మనిషి అనను. ఆమె కాన్పులప్పుడు మా అవ్వే వెళ్ళి పిల్లలకు స్నానాలు పోసింది, లేవలేని రోజుల్లో ఆమెకు తన చేత్తో బువ్వ కలిపి పెట్టింది. కానీ నోరు నోరే. ఎవరితోనైనా జగడమొస్తే ఆమె నోట్లోంచి మొదట వచ్చే తిట్టు ఒకటుండేది, "మేళం కట్టినదాని పుట్టుక" అని. ఆ మాట ఎవరిని అన్నా, చెంబు తోముతున్న నా చెయ్యి ఆగిపోయేది.

ఎందుకంటే మా అవ్వ మేళం కట్టిన మనిషే. ఆ రోజుల్లో కొన్ని కుటుంబాల ఆడవాళ్ళు గుడి ఉత్సవాల్లో, పెద్దోళ్ళ పెళ్ళిళ్ళలో ఆడేవాళ్ళు. అదే వాళ్ళ బతుకుదెరువు, అదే వాళ్ళ విద్య. తర్వాత అది తప్పన్నారు, మానిపించారు. ఆట పోయింది గానీ దాని పేరు తిట్టుగా మిగిలిపోయింది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా ఇంటికి వచ్చిన ఒక ముసలామె, "మీ అవ్వ మేళంల నిలబడితే దీపం సుత కదలకపోతుండె" అని నాతో అన్నది. మా అవ్వ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి ఆమె నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ తర్వాత మేము ఆ ఊళ్ళో ఎక్కువ రోజులు ఉండలేదు. నా పెళ్ళప్పుడు అవ్వ తన ఊరి పేరు చెప్పింది, కూలికి పోయేదాన్నని చెప్పింది, ఇంకేమీ చెప్పలేదు. చిన్నప్పుడు విన్నది నాకు గుర్తుందని ఆమెకు తెలియదనుకుని నేనూ నోరెత్తలేదు. మా బస్తీలో ఆడవాళ్ళు మాట్లాడుతుంటే చూడాలి, నోటి కంటే చేతులే ముందు మాట్లాడతాయి. మా అవ్వ మాత్రం చేతులు కొంగులో చుట్టుకుని, లేకపోతే తొడల కింద పెట్టుకుని మాట్లాడేది. వాటికేదో చెప్పి కూర్చోబెట్టినట్టు.

ప్రతి ఎండాకాలం, వానలు పడకముందు, టీచరమ్మ ఇంట్లో ఫైళ్ళను డాబా మీదికి ఎక్కించే పని ఉండేది. ఎండలో పెట్టకూడదు, కాగితం పచ్చబడుతుంది. నీడ పట్టున, చాప మీద పరిచి, గాలికి ఆరనిచ్చి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, కొత్త వేపాకు, డాంబరు గోలీలు పెట్టి మళ్ళీ నాడా కట్టాలి. విప్పమంటేనే విప్పాలి, చదివినట్టు చూడకూడదు. గబగబా చదవడం నాకెలాగూ రాదు కనుక ఆమెకు నా మీద నమ్మకం. ఒక ఏడాది అలా పరుస్తుంటే ఖైరతాబాదు వైపు నుంచి ఉన్నట్టుండి గాలి లేచింది. పక్కింటి వాళ్ళ బట్టలు తీగ మీద దూకులాడాయి. ఒక నీలం నాడా ఫైలు ముడి సరిగా పడలేదేమో, అట్ట తెరుచుకుని ఒక ఫోటో జారి చాప మీద పడింది. పట్టుకుందామని వంగాను. వంగినదాన్ని అలాగే ఉండిపోయాను.

నల్ల గుడ్డ ముందు రెండు చేతులు. ఒక అరచెయ్యి తెరుచుకుని, వేళ్ళు ఒకదాని వెనక ఒకటి, పూరేకులు విడుతున్నట్టు. రెండో చెయ్యి దాని మీద వాలబోతున్న పిట్టలా. ఆ వాలబోయే చేతి లోపలి వైపు, మణికట్టు పైన, పచ్చబొట్టు. తేలు బొమ్మ, చుట్టూ చుక్కలు. తోక దగ్గరి చుక్క మాత్రం వరస తప్పి పక్కకు పోయింది. ఆ చుక్క దగ్గర సూది గుచ్చుకుంటే ఏడ్చి చెయ్యి లాక్కున్నానని మా అవ్వ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. బొటనవేలి మొదట్లో గంజి ఒలికి కాలిన మచ్చ కూడా ఉంది. నాకు అన్నం పెట్టిన చెయ్యి, నా తల దువ్విన చెయ్యి, నన్ను కొట్టిన చెయ్యి. దాన్ని ఆ పని చేస్తుండగా నేను ఎప్పుడూ చూడలేదు. ఎంత అందంగా ఉందో అని కూడా నాకు తోచలేదు ఆ క్షణాన. డాబా మీద ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాను. ఫోటో అట్టలో పెట్టి, నాడా ఎంత గట్టిగా బిగించానంటే, తర్వాత టీచరమ్మ ఆ ముడి విప్పలేక కత్తెర తెమ్మన్నది.

టీచరమ్మ మొహం దాస్తే మనిషి దాగుతుందనుకుంది. ఆమె ఉండే గల్లీలో అది నిజమే కావచ్చు. మా బస్తీలో మొహాలు ఎవరు చూస్తారు? నల్లా దగ్గర బిందెలు అందుకునేటప్పుడు, గాజులు తొడుక్కునేటప్పుడు, పేలాలు పంచుకునేటప్పుడు చూసేది చేతులే. మా అవ్వ తేలును బస్తీలో ప్రతి పిల్లా వేలితో ముట్టి చూసినవాళ్ళే. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. అవ్వ చెయ్యి చాపితే చాలు, ఎవరో చూస్తున్నట్టు ఉలిక్కిపడేదాన్ని. చివరికి మోచేతులు దాటి మణికట్టు దాకా వచ్చే పొడుగు చేతుల జాకెట్లు కుట్టించి తెచ్చాను. ఎండలు మండిపోతున్న రోజులు. అవ్వ ఆ జాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందే ఇది, నన్ను ఉడకబెట్టి తింటవా" అన్నది. "దోమలు కుడ్తున్నయి అవ్వా" అన్నాను. "పగటీలి దోమలా" అన్నది. అని నా మొహంలోకి కాసేపు చూసి తొడుక్కుంది. మా ఆడబిడ్డ చూసి నవ్వింది, "అత్తమ్మ స్కూలు టీచరైంది" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ జాకెట్లతో గండం గడిచిందనుకుంటున్నప్పుడు టీచరమ్మ ఒకరోజు కాఫీ తాగుతూ మంచి కబురు చెప్పినట్టు చెప్పింది. సోమాజిగూడలో ఒక హాలులో బొమ్మల ప్రదర్శన పెడుతున్నారట. నీలం నాడా ఫైళ్ళలోని చేతుల ఫోటోలను మనిషంత పెద్దవి చేసి గోడలకు తగిలిస్తారట. "మొహాలు లేవు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు. నాకు బాగా నచ్చినది ద్వారం ఎదురుగా పెట్టమన్నాను" అని ఒక ఫోటో తీసి చూపించింది. తేలు. నా చేతిలో కాఫీ గ్లాసు కింద పడింది. ఆ హాలులో ఊడ్చి తుడిచే పనికి మా ఆడబిడ్డ అప్పటికే కుదిరి ఉంది. రోజూ పొద్దున నీలం కోటు వేసుకుని అక్కడికే వెళ్ళేది. ఆమె చూసిందా, సాయంత్రానికి మా ఆయనకు తెలుస్తుంది, బస్తీకి తెలుస్తుంది. ఇన్నాళ్ళూ తన ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టిన అత్తను మా ఆయన ఏం చేస్తాడో, ఆ వయసులో ఆమెను నేను ఎక్కడికి తీసుకుపోవాలో, అదీ నా భయం.

నేల మీద కూర్చుని గాజు పెంకులు ఏరుతూనే చెప్పేశాను. "అమ్మా, గది మా అవ్వ చెయ్యి. జర తీసెయ్యుండ్రి. మీ కాళ్ళు మొక్కుతా." టీచరమ్మ కళ్ళద్దాలు తీసి నా వైపు చూసింది. ఆశ్చర్యపోయినట్టు లేదు, అదే నాకు వింతగా తోచింది. "అలాగేనమ్మా, తీసేస్తాను. కానీ నాదొక పద్ధతి ఉంది. ఎవరి ఫైలైనా సరే, వాళ్ళు నోటితో చెబితేనే బయట పెడతాను, ఈ చేతుల ఫోటోలకు తీసిన రోజే అందరూ ఒప్పుకున్నారు. వాళ్ళు చెబితేనే తీస్తాను. కూతురు చెప్పినా, కొడుకు చెప్పినా కుదరదు. కొడుకులు వచ్చి చింపేసిన ఫైళ్ళు చూశాను నేను" అన్నది. "ఆమె వచ్చి వద్దంటే ఆ నిమిషమే తీసేస్తాను. ఆమెను తీసుకురా." అంటే అవ్వతో మాట్లాడాలి. బతికినన్నాళ్ళూ మా ఇద్దరి మధ్య ఎత్తని మాట ఎత్తాలి. ఆడబిడ్డకు భయపడాలో, అవ్వకు భయపడాలో తెలియక ఆ రాత్రంతా పైన రేకులు చూస్తూ పడుకున్నాను.

తెల్లారి, "టీచరమ్మ నిన్ను జర చూస్తదట" అని మాత్రం చెప్పగలిగాను. "ఎందుకు" అని అడగలేదు అవ్వ. ఉతికిన చీర కట్టుకుంది. అమీర్‌పేట నుంచి నడిచే వెళ్ళాం. అప్పటికి మెట్రో స్తంభాలు ఇంకా లేస్తున్నాయి, రోడ్డు మధ్యంతా రేకులు అడ్డం కట్టి ఉండేవి, బస్సులు మనిషి భుజం రాసుకుంటూ పోయేవి. దారి పొడవునా చెబుదామని నోరు తెరవడం, లారీ హారను వినపడగానే మూసుకోవడం. అన్ని హారన్లు మోగే రోడ్డు అది, నాకు సాకులకు కొదవ లేదు. పంజాగుట్ట చౌరస్తా దాటాం. గల్లీ మొదట్లో, "ఇటు అవ్వా" అందామనుకునేలోపు ఆమె తనంతట తానే తిరిగింది. నందివర్ధనం చెట్టున్న గేటు దగ్గర ఆగి, గొళ్ళెం ఎటువైపు తీయాలో వెతక్కుండా తీసింది. అప్పుడు తట్టింది నాకు, ఈ ఇంటి పని నాకు ఎవరు చెప్పి పంపించారో. గేటు దగ్గరే నిలబడిపోయాను.

లోపలికి వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. "ఎన్నేళ్ళైందండీ మిమ్మల్ని చూసి. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అంటున్నది టీచరమ్మ. "ఉన్నయమ్మా, నాతోనే నడుస్తున్నయి" అన్నది అవ్వ. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. టీచరమ్మ ఫోటో తెచ్చి అవ్వ ఒళ్ళో పెట్టి, హాలు సంగతంతా చెప్పి, "మీ అమ్మాయి భయపడుతోంది. మీరు వద్దంటే తీసేస్తాను" అన్నది. అవ్వ ఫోటో దగ్గరగా పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. ఎవరో పరాయి మనిషిని గుర్తు పడుతున్నట్టు.

"అవ్వా, గా తేలు సూస్తె అందరికి తెలుస్తదే" అన్నాను నేను. అదే మొదటి మాట, పుట్టినప్పటి నుంచి ఆ విషయం మీద. "మొఖం వద్దన్నదానివి, చెయ్యెందుకు ఇచ్చినవ్? గప్పుడే కొంగు కప్పుకోకపోతివా?"

"కప్పుకొమ్మని ఈ అమ్మ సుత అన్నది" అన్నది అవ్వ. "నేనే వద్దన్న. మొఖమైతే తొవ్వల పొయ్యేటోళ్ళకందరికి తెలుస్తది. చెయ్యైతే నా చేతి బువ్వ తిన్నోళ్ళకే తెలుస్తది. గంతమందికి తెలిస్తె చాలనుకున్న." ఫోటో మీద వేలు పెట్టి, "నిన్ను ఈడికి పంపి ఎన్నేండ్లాయె. దుమ్ము దులుపుతున్నవో, కండ్లు మూసుకొని దులుపుతున్నవో అనుకున్న. జాకెట్టు కుట్టిచ్చినవ్ సూడు, గప్పుడు తెలిసింది నాకు, సూసినవని" అన్నది. కోపంగా అనలేదు. నవ్వుతూ కూడా అనలేదు.

అవ్వ టీచరమ్మ వైపు తిరిగి, "ఉంచుండ్రి అమ్మా" అన్నది. తర్వాత నా వైపు చూసి, "ఇల్లు నీది, మొగుడు నీ మొగుడు. నీకు వద్దనిపిస్తె ఇప్పుడే చెప్పు. నేను తీసెయ్యమంట" అన్నది. వాళ్ళిద్దరూ నన్నే చూస్తున్నారు. వద్దనడానికే నేను ఆమెను అంత దూరం నడిపించుకు వచ్చింది. నాలుక మీదే ఉంది ఆ మాట. ఆమె చేతులు కొంగులో లేవు, తొడల కింద లేవు, ఆ ఫోటోకు అటూ ఇటూ ఊరికే తెరుచుకుని ఉన్నాయి. వాటిని మళ్ళీ లోపల పెట్టుకోమని చెప్పడం నా వల్ల కాలేదు. "నీ ఇష్టమే అవ్వా" అన్నాను. అన్నానన్నమాటే గానీ, ఇంటికి వచ్చేదాకా మళ్ళీ ఆమె పక్కన నడవలేదు, రెండడుగులు వెనకే నడిచాను, నా మొహం ఆమెకు కనపడకుండా.

బొమ్మలు తగిలించిన రోజు నేను ఎవరింటికీ పనికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదన్నాను, అబద్ధమూ కాదు. పొద్దున ఆడబిడ్డ నీలం కోటు వేసుకుని వెళ్ళడం కిటికీలోంచి చూశాను. అవ్వ గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నేను ఇంట్లో ఉన్న అవ్వ చీరలన్నీ ఒక సంచిలో సర్దాను, మళ్ళీ తీసి దండెం మీద వేశాను, మళ్ళీ సర్దాను. మధ్యాహ్నం దాటాక గేటు చప్పుడైంది. ఆడబిడ్డ. రోజూ సాయంత్రం దాకా రాని మనిషి ఆ రోజు ముందే వచ్చింది. తన ఇంట్లోకి వెళ్ళలేదు, నేరుగా మా గడప దగ్గరికి వచ్చి అవ్వ పక్కన కూలబడింది. నేను తలుపు వెనక్కి జరిగాను.

"ఇయ్యాల హాల్ల బొమ్మలు పెట్టిండ్రు వదినె" అన్నది, లోపల ఉన్న నాకు వినపడేలా. "గోడలకు అన్నీ చేతులే. ఒక్కదానికి మొఖం లేదు."

అవ్వ బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన పడేసింది.

"తలుపుకెదురుంగ ఒక చెయ్యి పెట్టిండ్రు అత్తమ్మా. మస్తున్నది. పెద్ద పెద్దోళ్ళు కార్లల్ల వచ్చి దాని ముందల నిలబడి సూస్తుండ్రు." ఆమె కోటు జేబులోంచి తుడుపు గుడ్డ తీసి మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "దుమ్ము పడ్తదని నేనే మెత్తటి గుడ్డతోటి తుడిచి వచ్చిన. ఎవ్వలను ముట్టనియ్యలే."

"మంచి పని చేసినవ్ బిడ్డా" అన్నది అవ్వ.

"చాయ్ పెట్టు వదినె, తల నొస్తున్నది" అన్నది ఆడబిడ్డ. అంతే. చాయ్ పెట్టాను. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి, ఎవరూ ఏమీ అనలేదు. ఆమె తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

ఆమె గుర్తుపట్టిందా లేదా? గుర్తుపట్టకపోతే మా అవ్వకు ఆ సంగతి చెప్పడానికి పని మధ్యలో లేచి ఎందుకు వస్తుంది? గుర్తుపడితే, ఆ నోరు ఎలా ఊరుకుంది? ఆ రోజు రాత్రి మా ఆయన ఏమంటాడో అని ఎదురుచూశాను. ఆయన అన్నం తిని పడుకున్నాడు. మర్నాడు చూశాను, వారం చూశాను, పండగ దాకా చూశాను. ఆ తర్వాత మాకూ ఆడబిడ్డకూ జగడాలు కాలేదా అంటే, అయ్యాయి. గోడ గురించి అయ్యాయి, నీళ్ళ గురించి అయ్యాయి, ఒకసారి బస్తీ అంతా వచ్చి విడదీయాల్సినంత పెద్దది అయింది. జగడం ముదిరిన ప్రతిసారీ ఇక ఆ మాట వచ్చేస్తుందని కళ్ళు మూసుకునేదాన్ని. నా రంగు గురించి అన్నది, నా వంట గురించి అన్నది, నా గొంతు గురించైతే చెప్పనే అక్కరలేదు. ఆ ఒక్క మాట అనలేదు. అసలు ఆ తిట్టే ఆమె నోట మళ్ళీ ఎవరి మీదా వినలేదు నేను. అందుకు సంతోషించాలి కదా. కానీ భయం అలా ఒప్పుకోదు. ఇంకా దాచుకుంటోంది, అన్నిటికంటే పెద్ద జగడం కోసం దాచుకుంటోంది అని నాకు చెప్పేది.

అవ్వ ఆ తర్వాత మూడు నాలుగు ఎండాకాలాలు బతికింది. ఆమె పోయినప్పుడు టీచరమ్మ కర్ర పట్టుకుని మా రేకుల ఇంటికి వచ్చింది, నన్ను తన ఇంటికి తీసుకువెళ్ళి, మొదటిసారి ఎర్ర నాడా నా చేతికిచ్చింది. కట్టాను. మా ఆయన పోయేదాకా ఆ సంగతి మా ఇంట్లో ఎత్తలేదు, ఆయనకు తెలిసిందో లేదో కూడా నాకు తెలియదు. తర్వాత టీచరమ్మ పోయింది, ఫైళ్ళన్నీ అట్టపెట్టెల్లో ఎక్కడికో వెళ్ళాయి, ఆ ఇంటి చోట ఇప్పుడు అద్దాల బిల్డింగు నిలబడింది. మిగిలింది నేనూ, నా ఆడబిడ్డా. ఆమె మొగుడూ పోయాడు. ఆమె కళ్ళకు పొర కమ్మింది, చాలా సంగతులు మరిచిపోతోంది. నిన్ననే అమీర్‌పేట రోడ్డు దాటిస్తుంటే నా భుజం గట్టిగా పట్టుకుని, "ఉరకకు వదినె, బస్సు గుద్దుతది, నాకెవ్వలున్నరు" అన్నది. అడుగుదామా అనిపించింది, ఆ రోజు ఆ చెయ్యి ఎవరిదో నీకు తెలుసా అని. నోరు రాలేదు. నేను ఎవరి కోసం భయపడ్డానో వాళ్ళందరూ వెళ్ళిపోయారు, ఎవరికి భయపడ్డానో ఆమె నేను లేకపోతే రోడ్డు దాటలేదు. కాలం మా ఇద్దరినీ ముసలివాళ్ళను చేసింది గానీ, నా భయానికి మాత్రం ఒక్క ఏడు కూడా వయసు పెంచలేదు.